చెక్కుతోపాటు వచ్చే దస్తావేజు

తెలుగు రాతలోని అక్షరదోషాలను పట్టిచూపే ప్రోగ్రాం ఒకదాన్ని మేము పదిమందిమి ఆరేళ్ళుగా తయారుచేస్తున్నాం. మాలో నలుగురు హైదరాబాదు కంపెనీల ఉద్యోగులు. ఇద్దరు కాలేజీ అధ్యాపకులు. ఒకరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు. ప్రోగ్రాంలోని మాటల పట్టికలో సగానికి పైగా ఆయన కూర్చినవే. ఆయన నిరుడు కాలంచేశారు. మిగతావాళ్ళం తీరికవేళల్లో తలో చెయ్యీ వేసేవాళ్ళం. ఈ ప్రోగ్రాం పాఠాన్ని, అంటే కంప్యూటరుకు మనిషి రాసిపెట్టే ఆజ్ఞల మూలాన్ని, సోర్స్ కోడ్ అంటారు. దాన్ని మేము దాచుకోలేదు. జీపీఎల్ అనే లైసెన్సు కింద బాహాటంగా పెట్టాం. ఎవరైనా తీసుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: మార్చినదాన్ని పరులకు అందించేవాడు ఆ మార్చిన పాఠాన్ని కూడా ఇవే నిబంధనలమీద అందించాలి.

ఈ ఏడాది మొదట్లో ఒక కంపెనీవారు మా పనిని మెచ్చుకుని, ఏటా కొంత సొమ్ము ఇచ్చి పోషిస్తామన్నారు. సంతోషించాం. ఎందుకు సంతోషించకూడదు? అయితే చెక్కుకు ముందు ఒక కాగితం వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీనిండా మామీద ప్రశంస. రెండో పేజీలో ఎనిమిదో పేరా ప్రకారం ఇంతవరకు మేము రాసినదాని కాపీరైటూ, ఇకముందు రాయబోయేదాని కాపీరైటూ, ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం, ఆ కంపెనీకి దఖలు పడతాయి.

మా సమావేశంలో ఒక మిత్రుడు దీన్ని గట్టిగా సమర్థించాడు. ఆయన వాదన ఇది: "ఇదంతా లాంఛనం. ఇలాంటి కాగితాలు అన్ని కంపెనీలూ అడుగుతాయి. ప్రోగ్రాం ఎలాగూ జీపీఎల్ కిందనే ఉంటుంది, వాళ్ళే రాసి ఇస్తున్నారు. కాపీరైటు ఎవరి పేర ఉంటే మనకేం? డబ్బున్నవాడల్లా దుర్మార్గుడేనని మడికట్టుకు కూర్చుంటే ఈ పని మనతోనే ఆగిపోతుంది." ఈ మిత్రుడు కంపెనీ మనిషి కాడు. చిత్తశుద్ధి ఉన్నవాడు, మా అందరికన్నా ఎక్కువ పని చేసినవాడు. కనుకనే ఆయన వాదనకు జవాబు చెప్పవలసి ఉంది. దుర్బుద్ధితో చెప్పే వాదన ఎవరినీ మోసగించదు. ఇలాంటి మంచివాళ్ళు చెప్పే వాదనే ఉమ్మడి ఆస్తులకు గొయ్యి తవ్వుతుంది.

ముందు "ఎవరి పేర ఉంటే మనకేం" అన్న మాట తీసుకుందాం. లైసెన్సు అంటే ఏమిటి? సొంతదారు పరులకు ఇచ్చే అనుమతి. దాని షరతులకు కట్టుబడవలసినవాళ్ళు పుచ్చుకున్నవాళ్ళు. ఇచ్చినవాణ్ణి అవి కట్టిపడెయ్యవు. జీపీఎల్ ఎంత గట్టి లైసెన్సైనా అది బయటివాడినే నిలవేస్తుంది. కాపీరైటు మొత్తం తన పేర ఉన్నవాడు రేపటి కూర్పును ఏ షరతులమీదనైనా విడుదల చేసుకోవచ్చు, అసలు మూలాన్ని బయటపెట్టడమే మానుకోవచ్చు. ఇవాళ మనచేతికి వచ్చిన ప్రతిని వెనక్కి లాక్కోలేడు, అంతవరకే. ఊరంతా కలిసి తవ్విన చెరువుకు ఒకడు తన పేర పట్టా పుట్టించుకుని, "నీళ్ళు ఎప్పటిలాగే తోడుకోండి, పట్టా నా దగ్గరుంటే మీకొచ్చిన నష్టమేమిటి?" అంటే మనం నమ్ముతామా? నీళ్ళు తోడుకోనివ్వడం వాడి మంచితనంమీద ఆధారపడినప్పుడు అది ఊరుమ్మడి చెరువు కాదు. దయగల ఆసామి చెరువు.

ఇంకొక సంగతి మా మిత్రుడు గమనించలేదు. లైసెన్సును ఎవడైనా ఉల్లంఘిస్తే దావా వెయ్యగలిగేది ఎవరు? కాపీరైటు ఉన్నవాడు. అమెరికాలో బొమ్మ రైళ్ళను నడిపే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని ఉచితంగా పంచినవాడు జేకబ్‌సన్ అనే భౌతికశాస్త్రవేత్త. కాట్జర్ అనే వ్యాపారి ఆ పాఠంలో కొంత తన సరుకులోకి ఎత్తుకుని, రచయితల పేర్లు తీసేశాడు. 2008లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాం లైసెన్సు షరతులను మీరడం కూడా కాపీరైటు ఉల్లంఘన కాగలదని తేల్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు అది పెద్ద గెలుపు. అయితే జేకబ్‌సన్ కోర్టు మెట్లెక్కగలిగింది హక్కు తన చేతిలో ఉండబట్టే. ఎనిమిదో పేరామీద సంతకం చేసిన మరునాడు మా ప్రోగ్రాంను ఎవడు దొంగిలించినా మేము ఫిర్యాదు చేసుకోవలసింది ఆ కంపెనీకే. దొంగ ఆ కంపెనీకి స్నేహితుడైతే?

పోషణ తెలుగువాళ్ళకు కొత్తది కాదు. మన కావ్యాలకు కృతిభర్తలుండేవారు. రాజులు, మంత్రులు, దండనాథులు, వర్తకులు కవులకు మడులూ మాన్యాలూ ఇచ్చి, కృతులు అంకితం పుచ్చుకున్నారు. ఆ వ్యవస్థను మెచ్చుకోవాలని నా ఉద్దేశం కాదు. దాని కింద పొగడ్త ఎంత పెరిగిందో, ప్రజల బతుకు కావ్యాల్లోకి ఎంత తక్కువగా వచ్చిందో మన విమర్శకులు చెప్పే ఉన్నారు. కాని ఒక్క విషయం చూడండి. కృతిభర్తకు దక్కింది అంకితం. కావ్యం మీద తాళంచెవి దక్కలేదు. తాటాకులూ గంటమూ ఉన్న ఎవడైనా దాన్ని ఎత్తిరాసుకోవచ్చు, పాడుకోవచ్చు, దానికి టీక రాయవచ్చు. రాజు చనిపోయినా, రాజ్యం పోయినా కావ్యం మిగిలింది. నేటి కృతిభర్త పొగడ్త అడగడు. "అంకితం మీరే ఉంచుకోండి, కృతి నాకు రాసివ్వండి" అంటాడు. ఆ భూస్వామ్య ప్రభువుకన్నా ఈ పెట్టుబడిదారు లెక్క తెలిసినవాడని ఒప్పుకోవాలి.

ఇది నా ఊహాగానం కాదు. మైఎస్‌క్యూఎల్ కథ చూడండి. స్వీడన్‌లో పుట్టిన ఈ డేటాబేస్ ప్రోగ్రాం ప్రపంచంలో లక్షలాది వెబ్‌సైట్లకు పునాది. దాని కంపెనీ తెలివైన ఏర్పాటు ఒకటి చేసుకుంది. ఉచితంగా కావలసినవాడు జీపీఎల్ కింద తీసుకుంటాడు. తన మార్పులు దాచుకోదలచిన వ్యాపారి డబ్బిచ్చి వేరే లైసెన్సు కొనుక్కుంటాడు. ఇలా రెండు లైసెన్సులు అమ్మాలంటే కాపీరైటు అంతా ఒకే చేతిలో ఉండాలి గనక, బయటినుంచి సవరణలు పంపినవాళ్ళచేత కంపెనీ హక్కులు రాయించుకుంది. ఇది కూడా లాంఛనమే! ఆ తర్వాత 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నది. 2009లో ఒరాకిల్ సన్‌నే కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఒరాకిల్ ఎవరు? ఖరీదైన డేటాబేస్‌లు అమ్మి బతికే సంస్థ, మైఎస్‌క్యూఎల్‌కు నేరుగా పోటీదారు. పదిహేనేళ్ళపాటు ప్రపంచం నలుమూలలనుంచి జనం దిద్దిన సరుకు వాళ్ళ ప్రత్యర్థి గూటికే చేరింది. వాళ్ళనెవరూ అడగలేదు. అడగవలసిన అవసరం కూడా చట్టరీత్యా లేదు. అవసరం లేకుండా చేసింది వాళ్ళు పెట్టిన సంతకాలే.

తమాషా ఏమంటే, ఆ ప్రోగ్రాం సృష్టికర్తల్లో ఒకడైన విడేనియస్సే దాన్ని కాపాడండంటూ ఉద్యమం లేవదీశాడు. కంపెనీ అమ్ముడుపోయినప్పుడు లాభం పొందినవాళ్ళలో తానూ ఒకడు. అమ్మిన తర్వాత కొన్నవాడి మీద అలిగేవాణ్ణి చూసి జాలిపడవచ్చు గాని, ఆయన భయం మాత్రం అర్థంలేనిది కాదు. యూరోపియన్ కమిషన్ నెలల తరబడి ఈ విషయం విచారించింది. 2009 డిసెంబరులో ఒరాకిల్ పది హామీలు ప్రకటించింది. చాలా వాటికి గడువు ఐదేళ్ళు. 2010 జనవరిలో కొనుగోలు ఆమోదం పొందింది. ఒరాకిల్ మైఎస్‌క్యూఎల్‌ను మూసెయ్యలేదు గదా అని మా మిత్రుడు అంటాడు. నిజమే, జీపీఎల్ కూర్పు నేటికీ ఉంది. అదే ఒరాకిల్ సన్ నుంచి సంక్రమించిన ఓపెన్‌సొలారిస్‌ను మాత్రం ఆ 2010లోనే ఆపేసింది. ఒకదాన్ని ఉంచింది, ఒకదాన్ని ఆపింది. రెంటినీ నిర్ణయించింది ఒకే యజమాని ప్రయోజనం. ఉరి పడలేదు గనక మెడకు తాడు లేదనుకోవడం ఏం తర్కం?

"వాళ్ళు మాట ఇస్తున్నారు గదా" అన్నది రెండో వాదన. మాట సంగతి రెడిస్‌ను అడగాలి. 2009లో సాల్వతోరె శాన్‌ఫిలిప్పో అనే ఇటలీ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంను ఒకదాని తర్వాత ఒకటిగా కంపెనీలు పోషించాయి. చివరికి రెడిస్ అన్న పేరే పెట్టుకున్న కంపెనీ చేతికి ప్రోగ్రాం పేరుమీది వ్యాపార ముద్ర కూడా చేరింది. 2018లో కొన్ని అనుబంధ భాగాల లైసెన్సును బిగించినప్పుడు, అసలు రెడిస్ మాత్రం ఎప్పటికీ బీఎస్‌డీ లైసెన్సు కిందనే ఉంటుందని ఆ కంపెనీ చెప్పింది. 2024 మార్చిలో ఆ ఎప్పటికీ ముగిసింది. ఎలాస్టిక్ కంపెనీ కూడా 2018లోనే, తన వెతుకుడు యంత్రపు మూల భాగాల లైసెన్సును ఏనాడూ మార్చబోనని రాసింది. 2021 జనవరిలో మార్చింది. హాషికార్ప్ కంపెనీ టెర్రాఫాం లైసెన్సును 2023 ఆగస్టులో మార్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఐబీఎం ఆ కంపెనీని 640 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది, 2025 ఫిబ్రవరిలో కొనుగోలు ముగిసింది.

ఈ పెద్దమనుషులందరూ మొదటినుంచీ దగా తలపెట్టారని నేను అనను. 2018లో ఆ మాటలు రాసినవాళ్ళు నమ్మే రాసి ఉండవచ్చు. వ్యక్తుల గుణం ఇక్కడ ప్రశ్న కాదు. కంపెనీ అన్నది వాటాదారుల సొత్తు. వాటాలు చేతులు మారతాయి, లాభం తగ్గిన ఏడాది పాలకవర్గం మారుతుంది. ఇచ్చిన మాటకు వారసులుండరు, రాయించుకున్న హక్కుకు ఉంటారు.

ఇక్కడ లైసెన్సుల్లో ఒక తేడా చెప్పుకోవాలి. రెడిస్ విషయంలో సహకరించినవాళ్ళ చేత కాపీరైటు రాయించుకోవలసిన పనే లేకపోయింది. బీఎస్‌డీ లాంటి లైసెన్సు ఎవరినైనా ఆ పాఠాన్ని తీసుకుపోయి మూసిన పెట్టెలో పెట్టుకోనిస్తుంది. ఎలాస్టిక్, హాషికార్ప్ మాత్రం సహకరించేవాళ్ళతో ఒప్పందపత్రాలు రాయించుకున్నాయి. ఆ పత్రాల్లో కాపీరైటు బదిలీ అనే మాట ఉండకపోవచ్చు; "మీ పాఠాన్ని మేము ఏ షరతులమీదనైనా తిరిగి ఇచ్చుకోవచ్చు" అనే అనుమతి ఉంటుంది. పేరు వేరు, ఫలం ఒకటే. అందుచేత మెత్తని లైసెన్సు ఎంచుకున్నవాడు తలుపు తెరిచి పడుకుంటాడు, గట్టి లైసెన్సు ఎంచుకుని ఒప్పందపత్రం మీద సంతకం చేసినవాడు తాళం వేసి తాళంచెవి పొరుగువాడికి ఇస్తాడు. రెండోవాడు తానే జాగ్రత్తపరుణ్ణనుకుంటాడు.

కంపెనీలు చెప్పుకునే సమర్థన ఒకటి ఉంది. దాన్ని వినకుండా కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. "మేము జీతాలిచ్చి రాయిస్తే అమెజాన్ వంటి మహాకంపెనీలు దాన్ని ఊరికే తీసుకుని, అద్దెకిచ్చి, కోట్లు గడిస్తున్నాయి. మాకు పైసా రాల్చవు. వాళ్ళను ఆపడానికే లైసెన్సు మార్చాం" అంటారు. ఇందులో నిజముంది. అమెజాన్ ఉదారసంస్థ కాదు. అయితే మొదటి కంపెనీ కూడా తాను జీతమివ్వని వందలమంది రాసిన పాఠాన్ని ఊరికే తీసుకునే కోట్లు గడించిందన్న సంగతి ఈ సమర్థనలో కనిపించదు. చిన్న పెట్టుబడికీ గుత్త పెట్టుబడికీ మధ్య నడిచే కొట్లాట ఇది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు, మధ్యన నలిగినవాళ్ళు జీతంలేకుండా రాసినవాళ్ళు, దాన్ని నమ్ముకుని తమ పని కట్టుకున్నవాళ్ళు. ఈ కొట్లాట ఎలా ముగిసిందో కూడా చూడండి. ఎలాస్టిక్ 2024లోనూ, రెడిస్ 2025లోనూ స్వేచ్ఛా లైసెన్సుల్లో ఒకటైన ఏజీపీఎల్‌ను మళ్ళీ ఒక మార్గంగా చేర్చాయి. పంచుకున్నారు, తీసుకున్నారు, తిరిగి ఇచ్చారు. ఈ మూడుసార్లూ రాసినవాడి సమ్మతి ఎవరికీ కావలసిరాలేదు.

"అంతగా చెడితే చివరి స్వేచ్ఛా ప్రతిని తీసుకుని మనమే వేరు కాపురం పెట్టవచ్చు గదా" అన్నది మూడో వాదన. పెట్టవచ్చు. పెట్టినవాళ్ళున్నారు. మైఎస్‌క్యూఎల్ నుంచి మారియాడీబీ, టెర్రాఫాం నుంచి ఓపెన్‌టోఫు, రెడిస్ నుంచి వాల్కీ అలా వచ్చినవే. వాల్కీ వారం రోజుల్లోనే లేచి నిలబడింది. దాన్ని చూసి మా మిత్రుడు ధైర్యం చెబుతాడు. కాని వాల్కీని నిలబెట్టింది ఎవరు? లినక్స్ ఫౌండేషన్ నీడ, అమెజాన్, గూగుల్, ఒరాకిల్ వంటి కంపెనీల అండ. అంత పెద్ద చేతులకు అవసరమైన ప్రోగ్రాం గనక అది బతికింది. తెలుగు అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం కోసం ఏ మహాకంపెనీ వారం రోజుల్లో ఇంజనీర్లను పంపుతుంది? ఓపెన్‌టోఫు వారికైతే వేరుపడ్డ కొద్ది నెలలకే, 2024 ఏప్రిల్‌లో, తమ కొత్త పాఠాన్ని దొంగిలించారంటూ హాషికార్ప్ లాయరు నోటీసు వచ్చింది. వాళ్ళు ఆధారాలతో సహా కాదని జవాబిచ్చుకున్నారు. ఇచ్చుకోవడానికి లాయర్లున్నారు.

ఓపెన్ ఆఫీస్ అనుభవం ఇంకా చెప్పుకోదగ్గది, ఎందుకంటే తెలుగులో రాసుకునేవాళ్ళలో చాలామందికి అది పరిచయమే. సన్ పోషణలో పెరిగిన ఆ ప్రోగ్రాం ఒరాకిల్ చేతికి పోగానే, దాన్ని పెంచినవాళ్ళు 2010 సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకున్నారు. కొత్త సంస్థలో చేరినవాళ్ళను పాత సంఘంలోంచి తప్పుకోమని ఒరాకిల్ ప్రతినిధులు అన్నారు. ప్రోగ్రాం పాఠమైతే వెంట తీసుకుపోయారు గాని పేరు తీసుకుపోలేకపోయారు. పేరు వ్యాపార ముద్ర; దానికి జీపీఎల్ వర్తించదు. పదేళ్ళు తాము ప్రచారం చేసిన పేరును వదిలి, లిబ్రెఆఫీస్ అని కొత్త పేరు పెట్టుకుని, మొదటినుంచీ ప్రపంచానికి మళ్ళీ పరిచయం చేసుకోవలసివచ్చింది. 2011లో ఒరాకిల్ పాత సరుకును అపాచీ ఫౌండేషన్‌కు దానం చేసింది. హక్కు తన దగ్గరుంది గనక వేరే లైసెన్సు కిందకి మార్చి మరీ దానం చేసింది. లిబ్రెఆఫీస్ వారు గుణపాఠం నేర్చుకున్నారు. ఎవరిచేతా కాపీరైటు రాయించుకోరు. లైసెన్సు గురించి గంటలకొద్దీ చర్చించే మనవాళ్ళు పేరు ఎవరి మీద రిజిస్టరైందో అడగరు. మా ప్రోగ్రాం పేరు కూడా ఎవరిమీదా రిజిస్టరు కాలేదు. ఈ వ్యాసం రాస్తుండగా ఆ మాట నాకే తట్టింది.

ఇక మా బృందంలోనే రెండో కొసన నిలబడ్డ మిత్రులున్నారు. "కంపెనీ డబ్బు ముట్టుకుంటేనే మైల" అనేవాళ్ళు. వీరితోనూ నాకు పేచీ ఉంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్ మీద జరిగే లావాదేవీల రహస్యాన్ని కాపాడుతుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే ఘోరమైన లోపం అందులో బయటపడేవరకు, దానికి వచ్చే విరాళాలు ఏడాదికి రెండువేల డాలర్లు. పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ప్రపంచంలోని ఎన్నో బ్యాంకులు దానిమీద నడుస్తున్నాయి! ఇది పవిత్రత కాదు, శ్రమదోపిడి. పనిచేసినవాడికి కూలి ముట్టాలన్నది అభ్యుదయవాదులకు ఎవరో నేర్పవలసిన సూత్రమా? డబ్బు తీసుకోవడం తప్పంటే, తీరికా ఆస్తీ ఉన్నవాళ్ళే ఈ పనికి అర్హులవుతారు.

లినక్స్‌ను చూడండి. దాని మూలపాఠానికి వచ్చే మార్పుల్లో అత్యధిక భాగం ఇంటెల్, రెడ్‌హ్యాట్, గూగుల్ వంటి కంపెనీల ఉద్యోగులు జీతం తీసుకుంటూ రాసేవే. ఇంతకన్నా కంపెనీ డబ్బు ప్రవహించే ప్రోగ్రాం మరొకటి ఉండదేమో. అయినా ఏ కంపెనీ దాన్ని మూసెయ్యలేదు. ఎందుకని? ఆ పాఠం కాపీరైటు వేలాదిమంది చేతుల్లో చెదిరి ఉంది. ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. లైసెన్సు మార్చాలంటే వాళ్ళందరినీ, చనిపోయినవాళ్ళ వారసులతో సహా, వెతికిపట్టుకుని ఒప్పించాలి. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్‌లో తన పాఠం ఉందంటూ ఐబీఎం మీద దావా వేసిన తర్వాత, 2004 నుంచి పంపిన ప్రతివాడూ "ఇది పంపే హక్కు నాకుంది" అని ఒక వాక్యం కింద పేరు రాస్తాడు. ఆ ధ్రువపత్రం హక్కు ఉందని చెబుతుంది, హక్కును బదిలీ చెయ్యదు. కంపెనీలకు చట్టరీత్యా కావలసిన భరోసా దానితో సరిపోతుంది. సరిపోతున్నట్టు ఇరవై ఏళ్ళ అనుభవం ఉండగా, అంతకన్నా ఎక్కువ అడిగేవాడు భరోసాకోసం అడగడంలేదని అర్థం.

మన ఇంటి ఉదాహరణ కావాలంటే మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఖతులున్నాయి. సిలికానాంధ్ర కోసం తయారై, గూగుల్ ద్వారా ప్రపంచానికి అందాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినందువల్ల ఎవరైనా పుస్తకాలకూ పత్రికలకూ పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు. పోషకుడి ఆసక్తి రేపు తగ్గినా మన చేతిలోని అక్షరం మన చేతిలోనే ఉంటుంది.

మా మిత్రుడు చివరికి స్టాల్‌మన్ పేరు ఎత్తాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి 1983లో పునాది వేసిన ఆయన స్థాపించిన ఫౌండేషన్ కూడా రచయితలచేత కాపీరైటు రాయించుకుంటుంది గదా అన్నాడు. మంచి ప్రశ్న. అయితే ఆ పత్రంలో పుచ్చుకునేవాడు కూడా కట్టుబడతాడు: ఈ పాఠాన్ని స్వేచ్ఛా షరతులమీదనే పంచుతానని ఫౌండేషన్ రాసిస్తుంది. పైగా దానికి వాటాలు లేవు, ఎవరూ కొనలేరు. అయినా జీసీసీ అనే వాళ్ళ ప్రధాన ప్రోగ్రాం నిర్వాహకులు 2021లో ఆ నిబంధనను సడలించి, రాసివ్వకపోయినా ఫరవాలేదన్నారు. స్నేహితుడి చేతిలో హక్కులు పోగుపడటం మీదనే సందేహం పుట్టినచోట, కొనుగోలుకు సిద్ధంగా ఉన్న కంపెనీ చేతిలో పెట్టడానికి ఆ ఉదాహరణ పనికిరాదు.

ఇక మన చట్టం. భారత కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్యకృతి. ఈ పత్రికలో ఈ వ్యాసానికి చోటు ఎందుకని అడిగేవారికి ఇదే నా జవాబు: చట్టం ప్రకారం మేమూ మీ కులంవాళ్ళమే. పబ్లిషరుకు "సర్వహక్కులు" అన్న ఒక్క మాటతో నవలలు రాసిచ్చి, పునర్ముద్రణలు చూసి నిట్టూర్చిన రచయితల కథలు మీకు తెలియనివి కావు. ఈ చట్టం 19వ సెక్షనులో రచయితకు రెండు చిన్న రక్షణలున్నాయి. హక్కు బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్ళే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. ఇప్పుడు ఎనిమిదో పేరాను మళ్ళీ చదవండి: "ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం". ఆ రెండు రక్షణలనూ పేరు పేరునా తొలగించిన లాయరుకు తానేం రాస్తున్నాడో బాగా తెలుసు. లాంఛనానికి ఇంత శ్రద్ధ అవసరమా?

సినిమా పాటల రచయితలు ఏళ్ళతరబడి పోరాడితే 2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. సినిమాహాలులో సినిమాతోపాటు వినిపించడం మినహా, పాట ఇతరత్రా వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోలేడు. వదులుకున్నట్టు రాసిచ్చినా ఆ రాత చెల్లదు. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య జరిగే ఒప్పందాన్ని స్వేచ్ఛా ఒప్పందం అనలేమని చట్టమే ఒప్పుకున్నట్టయింది. ప్రోగ్రాం రాసేవాడికి అలాంటి రక్షణ లేదు. అడిగిన సంఘమూ లేదు.

అంతకన్నా చిక్కు ఒకటుంది. ఉద్యోగధర్మంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేనిపక్షంలో, మొదటి హక్కుదారు యజమానే అంటుంది 17వ సెక్షను. మా నలుగురు హైదరాబాదు మిత్రులు ఇంట్లో రాత్రిపూట రాశారు. అది ఉద్యోగధర్మం కాదు. కాని నియామకపత్రాల్లో, ఉద్యోగకాలంలో ఏం రాసినా, ఎక్కడ రాసినా కంపెనీదేనన్న వాక్యం తరచు కనిపిస్తుంది. చేరేనాడు ఎవరు చదువుతారు? వాళ్ళ హక్కు వాళ్ళదో కాదో తేలనిదే ఎనిమిదో పేరా కింద వాళ్ళు ఏమని సంతకం పెడతారు? తమది కానిది అమ్మినవాళ్ళవుతారు. ఆ పేరా తర్వాత తొమ్మిదో పేరాలో, ఇలాంటి తగాదా వస్తే ఖర్చులన్నీ మావేనని కూడా ఉంది. కంపెనీ ఏటా ఇస్తానన్న సొమ్ము ఒక లాయరుకు ఒక్క ఏడాది ఫీజుకు చాలదు.

సొమ్ము ఏ పద్దు కింద వస్తుందో కూడా మావాళ్ళు అడగలేదు. బదులుగా కంపెనీ ప్రకటన వేస్తామంటే అది సేవ, జీఎస్టీ మాట వస్తుంది. విదేశీ కంపెనీ విరాళమైతే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన సొమ్మును మనలాంటి మరో చిన్న సంఘానికి పంచే వీలు లేదు. ఇవి ఆడిటరును అడిగి తేల్చుకోదగ్గ విషయాలు, ఇక్కడ పెంచను.

చివరికి మేము ఎనిమిదో పేరానూ తొమ్మిదో పేరానూ కొట్టేశాం. వాటి చోట లినక్స్‌వారి పద్ధతిలో ఒక వాక్యం రాశాం. సొమ్ముకు కృతజ్ఞతగా కంపెనీ పేరు మొదటి తెరమీద వేస్తామనీ, ప్రోగ్రాం పేరు మా సంఘం పేరనే రిజిస్టరు చేయించుకుంటామనీ చేర్చాం. ఏడుగురు ఒప్పుకున్నారు. నేను వాదం పెట్టుకున్న మిత్రుడు ఇప్పటికీ నేను ఒక మంచి అవకాశాన్ని పాడుచేశాననే అంటాడు. కాగితం తిప్పిపంపి రెండు నెలలయింది, జవాబు లేదు.

కొట్టెయ్యకపోయినా ఆ కాగితం పూర్తయ్యేది కాదన్నది అంతా అయ్యాక మాకు తెలిసింది. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణం తర్వాత అరవై ఏళ్ళు బతుకుతుంది. పండితులవారి మాటల పట్టికమీద హక్కు ఇప్పుడు వారి కుమార్తెది. ఆమె అనంతపురంలో ఉంటున్నారు. ఆమె సంతకం కంపెనీవారూ అడగలేదు, మేమూ అడగలేదు. తండ్రిగారు ఏం రాశారో, దాన్ని ఏ షరతులమీద ఇచ్చారో వివరిస్తూ ఆమెకు ఒక ఉత్తరం రాయమని నన్ను పురమాయించారు. ఆయన చేతిరాత నోటుపుస్తకాలు పదకొండు మా దగ్గరున్నాయి. అవి కూడా తిరిగి పంపాలి.